పాత హోమ్ థియేటర్, కొత్త టీవీ: వెనక స్పీకర్లు ఎక్కడ మూగబోతున్నాయి?

కొత్త టీవీ గోడకెక్కింది. కింద బల్ల మీద పదిహేనేళ్ల నాటి హోమ్ థియేటర్ అలాగే ఉంది. డీవీడీ పెట్టుకునే అరతో ఒక పెట్టె, అయిదు చిన్న స్పీకర్లు, మూలన ఒక సబ్‌వూఫర్. ఎర్ర, తెల్ల పిన్నుల వైరు ఒకటి తెచ్చి రెంటినీ కలిపారు. శబ్దం వచ్చింది. ముందున్న రెండు స్పీకర్లు పలుకుతున్నాయి, సబ్‌వూఫర్ గుమ్మంటోంది. సోఫా వెనకున్న రెండు మాత్రం నోరు మెదపవు. చెవి ఆనించి వింటే సన్నటి బుస తప్ప ఏమీ వినపడదు. అదే పెట్టెలో డీవీడీ వేస్తే మాత్రం ఆ రెండూ నిక్షేపంగా పలుకుతాయి.

అసలు సంగతి ఈ చివరి మాటలోనే ఉంది. డీవీడీకి పలికిన స్పీకర్ టీవీకి పలకలేదంటే పాడైంది స్పీకరూ కాదు, ఆంప్లిఫయరూ కాదు. టీవీ నుంచి ఆ పెట్టెకు వచ్చే దారిలో ఎక్కడో ఆరు చానళ్ల శబ్దం రెండు చానళ్లుగా ముడుచుకుపోతోంది. ఆ ముడత ఎక్కడ పడిందో పట్టుకుంటే పని అయిపోయినట్టే. చాలామంది అది వెతక్కుండానే పాతదాన్ని అటకెక్కించి సౌండ్‌బార్ కొనేస్తారు. నాకు అది బాధగా ఉంటుంది. గదిలో మన వెనక నిజంగా రెండు స్పీకర్లు ఉండటం వేరు, ముందున్న ఒక్క కడ్డీ వెనక ఉన్నట్టు భ్రమ కలిగించడం వేరు.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే తర్వాత వచ్చే తిరకాసులన్నీ ఈ లెక్కలోంచే పుడతాయి. ఇలాంటి సిస్టమ్‌ను 5.1 అంటారు. అందులో అయిదు అంటే ముందు ఎడమ, ముందు కుడి, మధ్య, వెనక ఎడమ, వెనక కుడి. ఆ ‘పాయింట్ ఒకటి’ ఉరుములు, పేలుళ్ల వంటి లోతైన శబ్దాల కోసం విడిగా ఉంచిన చానల్. సుమారు 120 హెర్ట్జ్ దిగువ శబ్దాలే అందులో ఉంటాయి కాబట్టి దాన్ని పూర్తి చానల్‌గా లెక్కించలేదు. కుదించకుండా పంపితే ఒక చానల్‌కు సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు, అంటే 768 కిలోబిట్లు. రెండు చానళ్లకు 1,536. ఆరింటికి 4,608.

టీవీ వెనక ‘ఆప్టికల్’ అని రాసి ఉండే సాకెట్ పుట్టింది సీడీల కాలంలో. 1983లో తోషిబా దీన్ని తెచ్చింది, టాస్‌లింక్ అన్న పేరులోని మొదటి అక్షరాలు ఆ కంపెనీవే. అందులో నడిచే పద్ధతి సోనీ, ఫిలిప్స్ కలిసి రూపొందించింది. సీడీలో ఉండేది రెండు చానళ్లే కనుక దారిని కూడా రెండు చానళ్లకు సరిపడానే వేశారు. అలాంటి దారిలో ఆరు చానళ్లు ఎలా పడతాయి? కుదించి మూటకడితే పడతాయి. డాల్బీ డిజిటల్ చేసేది సరిగ్గా అదే. డీవీడీల్లో ఆ మూట సెకనుకు 448 కిలోబిట్లకు మించదు, దాని గరిష్ఠ పరిమితే 640. రెండు చానళ్ల పచ్చి శబ్దం కన్నా ఆరు చానళ్ల మూటే చిన్నది. అందుకే పాతకాలపు ఆప్టికల్ తీగలో సరౌండ్ సుఖంగా ప్రయాణిస్తుంది. డీటీఎస్ కూడా ఇదే కోవలోది, మూట మాత్రం కొంచెం లావు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మూటను ఎవరో విప్పాలి. డీవీడీలు ఆడించే 5.1 సిస్టమ్‌లో ఆ విప్పే భాగం, అంటే డీకోడర్, ఎలాగూ ఉంటుంది. టీవీ ఆ మూటను తానే విప్పేసి, ఆరింటినీ రెంటిలో కలిపి ‘పీసీఎం’గా, అంటే కుదించని పచ్చి శబ్దంగా, పంపితే మాత్రం హోమ్ థియేటర్ చేయగలిగింది లేదు. కలిసిపోయిన వాటిని మళ్లీ ఉన్నదున్నట్టు విడదీయలేం. చాలా టీవీల్లో మొదటి నుంచీ ఉండే సెట్టింగ్ పీసీఎమ్మే. ఏ పెట్టెకు తగిలించినా శబ్దం రావాలన్నది తయారీదారుల ఆలోచన. అది తప్పనలేను, కానీ ఆ సెట్టింగ్ అలా ఉండిపోవడం వల్లే ఎన్నో ఇళ్లలో వెనక స్పీకర్లు మౌనంగా ఉన్నాయి.

పెట్టె ముందున్న అద్దం చెప్పేది చదవండి

వైర్లు పీకడం మొదలుపెట్టే ముందు హోమ్ థియేటర్ ముఖం మీద వెలిగే అక్షరాలు చూడండి. అంతకు మించిన సాక్షి ఈ వ్యవహారంలో లేదు. టీవీ తెర మీద ‘5.1’ అని కనిపించినా నమ్మక్కర్లేదు, అది యాప్ దగ్గర ఉన్న శబ్దం గురించి చెప్పే మాట. దారి చివర ఏం చేరిందో చెప్పేది ఆంప్, అంటే ఈ హోమ్ థియేటర్ పెట్టె, డిస్‌ప్లే. అక్కడ ‘పీసీఎం’ అనో ‘2.0’ అనో ఉంటే ముడత అంతకు ముందే పడిపోయింది. డాల్బీ గుర్తు వెలిగి పక్కన ‘3/2.1’ అని వస్తే ఆరు చానళ్లూ చేరాయి. ముందు మూడు, వెనక రెండు, ఒక సబ్‌వూఫర్ అని దానర్థం. డాల్బీ గుర్తు వెలిగినా పక్కన ‘2/0’ అని ఉంటే మూట డాల్బీదే గానీ లోపలున్నది స్టీరియోనే. అంటే ఆ కార్యక్రమమే రెండు చానళ్లలో వస్తోంది, మీ వైర్ల తప్పేమీ లేదు. టీవీ చానళ్లలో ఇది మామూలే. యాప్‌లలో కూడా ఒకే సినిమాకు ఒక భాషలో 5.1 ఉండి, ఇంకో భాషలో స్టీరియో మాత్రమే ఉండొచ్చు. ఆడియో భాష ఎంచుకునే చోట పక్కనే రాసి ఉంటుంది, చూసి ఎంచుకోవాలి.

అందుకే పరీక్షకు ఎప్పుడూ కచ్చితంగా 5.1 ఉందని తెలిసిన సినిమాను ఒకదాన్ని పెట్టుకోండి. వార్తల చానల్ పెట్టి వెనక స్పీకర్లు పలకలేదని గంటలకొద్దీ తంటాలు పడినవాళ్లు నాకు తెలుసు.

ఇక సాకెట్లు. టీవీ వెనక పసుపు, ఎరుపు, తెలుపు సాకెట్లు కనిపించగానే అందరి చెయ్యీ అటే పోతుంది. ఇప్పటి టీవీల్లో అవి చాలావరకు లోపలికి తీసుకునేవే, బయటకు పంపేవి కావు. పక్కన ‘ఇన్’ అని ఉందో ‘ఔట్’ అని ఉందో చదవాలి. హోమ్ థియేటర్ వైపు కూడా ఇలాంటి ఉచ్చు ఒకటుంది, హెచ్‌డీఎంఐ సాకెట్. పాత డీవీడీ సిస్టమ్‌లలో అది ‘ఔట్’, డీవీడీ బొమ్మను టీవీకి పంపడానికి. దాన్ని టీవీకి కలిపి, టీవీ శబ్దం అదే దారిలో వెనక్కి రావాలని ఎదురుచూస్తే రాదు. వెనక్కి రావాలంటే రెండు వైపులా ఆ సాకెట్ దగ్గర ‘ఏఆర్‌సీ’ (ఆడియో రిటర్న్ చానల్) అని రాసి ఉండాలి. ఆ సదుపాయం 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. మీ పెట్టె దానికన్నా పాతదైతే ఆ ఆశ వదులుకోవచ్చు. రెండు వైపులా ఉంటే మాత్రం అదే సులువైన దారి. ఆ ఒక్క సాకెట్‌లోనే తగిలించి, టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ అనే అంశాన్ని ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే హోమ్ థియేటర్ వాల్యూమ్ కూడా పెరుగుతుంది, తగ్గుతుంది.

ఏఆర్‌సీ లేకపోతే ఆప్టికల్. పెట్టె వెనక ‘డిజిటల్ ఇన్’, ‘ఆప్టికల్ ఇన్’ అని రాసిన చిన్న చదరపు కన్నం ఉందేమో వెతకండి. దానికి చిన్న తలుపు ఉంటుంది, పిన్ను తోస్తే లోపలికి తెరుచుకుంటుంది. పిన్నుకు రెండు మూలలు కాస్త కోసినట్టు ఉంటాయి, అటూ ఇటూ తిప్పి చూస్తే ఒక్క వైపే ‘టిక్’మని కూర్చుంటుంది. కొత్త కేబుల్ కొసలకు పారదర్శకమైన చిన్న తొడుగులు ఉంటాయి, అవి తీయకుండా బలవంతంగా తోసేవాళ్లు ఎందరో. టీవీ వైపు తగిలించాక రెండో కొసను అరచేతికి దగ్గరగా పెట్టండి. చేతి మీద ఎర్రటి చుక్క పడితే టీవీ శబ్దం పంపుతోందని అర్థం. పడకపోతే టీవీలో ‘సౌండ్ ఔట్‌పుట్’ ఇంకా టీవీ స్పీకర్ల మీదే ఉండి ఉండొచ్చు. ఆ తీగ లోపల నడిచేది వెలుతురు కనుక దాన్ని పదునుగా మడవకూడదు. అందులో కరెంటు ప్రసక్తే లేదు కాబట్టి, ఎర్ర-తెల్ల వైర్లతో కొన్ని ఇళ్లలో వచ్చే ఆ ‘హుమ్‌మ్’ మనే రొద ఇక్కడ ఉండదు. పెట్టెకు ఆప్టికల్ లేక నారింజ రంగు ‘కోయాక్సియల్’ సాకెట్ ఉంటే ఒకదాన్ని ఇంకోదానిగా మార్చే చిన్న డబ్బీలు దొరుకుతాయి, శబ్దం ఏమీ తగ్గదు.

తగిలించారు, ఎర్ర చుక్క వస్తోంది, డిస్‌ప్లే మీద ఇంకా పీసీఎం అనే ఉంది. ఇప్పుడు టీవీ సెట్టింగ్స్‌లో సౌండ్‌లోకి, అందులో ‘డిజిటల్ ఔట్‌పుట్’ అన్న చోటికి వెళ్లండి. పీసీఎం, ఆటో, డాల్బీ డిజిటల్, పాస్‌త్రూ వంటి మాటలు కనిపిస్తాయి. పాత సిస్టమ్‌కు డాల్బీ డిజిటల్ ఎంచుకోవాలి, అది లేకపోతే ఆటో. పాస్‌త్రూ వద్దు, కారణం చెబుతాను. స్ట్రీమింగ్ యాప్‌లు ఇప్పుడు ఎక్కువగా పంపేది డాల్బీ డిజిటల్ కాదు, డాల్బీ డిజిటల్ ప్లస్. పేరు దాదాపు ఒకటే అయినా మూట కట్టే పద్ధతి వేరు, పాత డీకోడర్‌కు అది విప్పడం చేతకాదు. టీవీ మధ్యలో దాన్ని విప్పి, మామూలు డాల్బీ డిజిటల్‌గా మళ్లీ మూటకట్టి పంపాలి. చాలా టీవీలు ఆ పని చేస్తాయి. పాస్‌త్రూ అంటే ‘నువ్వు ముట్టుకోకు, వచ్చింది వచ్చినట్టు పంపు’ అని చెప్పడం. అప్పుడు ఏఆర్‌సీ ద్వారా పాత ఆంప్‌కు దానికి తెలియని భాష చేరి, అది నోరు మూసుకుంటుంది.

పైకప్పు వైపు నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి, అట్మాస్, సంగతేమిటని అడుగుతారు. స్ట్రీమింగ్‌లో అట్మాస్ వచ్చేది కూడా డాల్బీ డిజిటల్ ప్లస్ మీద ఎక్కే. దాని అడుగున మామూలు 5.1 శబ్దం ఉంటుంది, పైకప్పు నుంచి వినిపించాల్సినవి కూడా అందులో కలిసే ఉంటాయి. మీ పాత సిస్టమ్‌కు ఎత్తు తెలియదు గానీ ఏ శబ్దమూ మాయం కాదు. ఈ ఒక్క మాట అర్థం కాక, అట్మాస్ అని కనిపించిన సినిమా తమకు పనికిరాదనుకుంటారు చాలామంది.

సెట్‌టాప్ బాక్స్ టీవీ గుండా వస్తే

అన్నిటికన్నా ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే. టీవీలోని యాప్‌లకు వెనక స్పీకర్లు పలుకుతాయి, హెచ్‌డీఎంఐలో తగిలించిన సెట్‌టాప్ బాక్సుకో ఆటల పెట్టెకో పలకవు. ఒకే వైరు, ఒకే సెట్టింగ్, రెండు రకాల ఫలితం.

హెచ్‌డీఎంఐ తగిలించగానే టీవీ, బాక్సు ముందు మాట్లాడుకుంటాయి. ‘నేను ఇంత సైజు బొమ్మ చూపగలను, ఇన్ని చానళ్ల శబ్దం వినిపించగలను’ అని టీవీ ఒక చిట్టా ఇస్తుంది. టీవీకి ఉన్నది రెండు స్పీకర్లు. నిజాయితీగా ‘రెండే’ అని రాసి ఇస్తే, బాక్సు ఆ మాట నమ్మి తన దగ్గరే ఆరింటినీ రెండుగా ముడిచి పంపుతుంది. టీవీ వెనక అయిదు స్పీకర్లున్న పెట్టె ఒకటి వేచి ఉందని దానికి తెలిసే వీలు లేదు. కాబట్టి బాక్సు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆడియోను ‘ఆటో’ నుంచి ‘డాల్బీ డిజిటల్’కు చేత్తో మార్చి చూడండి. కొన్ని పరికరాల్లో దాన్ని ‘బిట్‌స్ట్రీమ్’ అంటారు. కొన్ని టీవీలు అప్పుడు దాన్ని అలాగే ఆప్టికల్‌కు వదులుతాయి. కొన్ని అప్పటికీ వదలవు, హెచ్‌డీఎంఐలో వచ్చింది ఏదైనా స్టీరియోగానే బయటకు పంపుతాయి. అది ఆ టీవీ స్వభావం, ఏ సెట్టింగ్‌తోనూ మారదు.

అలాంటప్పుడు నేనైతే టీవీని శబ్దం దారిలోంచి తప్పిస్తాను. బాక్సుకే ఆప్టికల్ ఔట్ ఉంటే దాన్ని నేరుగా హోమ్ థియేటర్‌కు ఇచ్చి, బొమ్మ మాత్రం టీవీకి పంపితే సరి. లేకపోతే హెచ్‌డీఎంఐ ఆడియో ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న డబ్బీ ఉంది. బాక్సు వైరు దానిలోకి పోతుంది, దానిలోంచి బొమ్మ టీవీకి, శబ్దం ఆప్టికల్ ద్వారా ఆంప్‌కు విడిపోతాయి. దాని పక్కన చిన్న స్విచ్ ఉంటుంది: ‘2.0’, ‘5.1’, ‘పాస్’. ఇందాక చెప్పిన చిట్టాను టీవీ బదులు ఈ డబ్బీయే రాసిచ్చే ఏర్పాటు అది. 5.1 మీద పెడితే ‘ఇక్కడ 5.1 వినిపించే దిక్కు ఉంది’ అని బాక్సుకు చెబుతుంది, బాక్సు ముడవకుండా పంపుతుంది. స్విచ్ మార్చాక బాక్సును ఒకసారి ఆపి వేయాలి, ఆ సంభాషణ మళ్లీ మొదటి నుంచి జరగాలి కదా. కొనేటప్పుడు మీ బొమ్మ నాణ్యత 4కే అయితే డబ్బీ కూడా దాన్ని మోయగలదో లేదో చూసుకోండి.

పెన్‌డ్రైవ్‌లో పెట్టి చూసే సినిమాలకు ఇంకో చిక్కు. వాటిలో శబ్దం డీటీఎస్‌లో ఉంటే, డీటీఎస్ ఎరగని టీవీల్లో బొమ్మ ఆడుతుంది గానీ అసలు శబ్దమే రాదు. అదే ఫైలును మీ డీవీడీ పెట్టె యూఎస్‌బీకి ఇచ్చినా ఉపయోగం అరుదు. ఆ ఫైలులో డాల్బీ ట్రాక్ కూడా ఉందేమో చూడటమే మార్గం.

ఉన్నది ఎర్ర, తెల్ల సాకెట్లే అయితే

కొన్ని పాత పెట్టెలకు ఆప్టికల్ ఉండదు, ఏఆర్‌సీ ఉండదు. ‘ఆక్స్’ అని రాసిన రెండు సాకెట్లు, అంతే. అప్పుడు టీవీ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఎర్ర-తెల్ల పిన్నుల వైరు వేయాలి. ఇక్కడ వాల్యూమ్ రెండు చోట్ల ఉంటుంది. టీవీది ముప్పావు వంతు దగ్గర వదిలేసి, ఆంప్ రిమోట్‌తో పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటే రొద తక్కువ. బ్లూటూత్ కూడా స్టీరియోనే, పైగా మాట పెదాల కన్నా వెనకబడుతుంది. వైరు వేయగలిగితే వైరే వేయండి.

రెండు చానళ్లే వస్తే సరౌండ్ ఆశ పోయినట్టేనా? పోలేదు. చాలా పాత సిస్టమ్‌లలో ‘ప్రో లాజిక్ 2’ అనే సదుపాయం ఉంటుంది, రిమోట్ మీద ‘పీఎల్ 2’ అనో ‘సరౌండ్’ అనో మీట కనిపిస్తుంది. అది వట్టి గారడీ కాదు. ఎడమ, కుడి చానళ్లు రెంటిలోనూ అచ్చు ఒకేలా ఉన్నదాన్ని ఏరి మధ్య స్పీకర్‌కు ఇస్తుంది, సంభాషణలు సాధారణంగా అలాగే ఉంటాయి. రెంటిలో ఒకదానికొకటి ఎదురుతిరిగి ఉన్న భాగాన్ని, అంటే ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసేస్తే మిగిలేదాన్ని, వెనక్కి పంపుతుంది. చప్పట్లు, వాన, గది ప్రతిధ్వని ఎక్కువగా అక్కడ తేలతాయి. 1987 నాటి మొదటి ప్రో లాజిక్‌లో వెనక స్పీకర్లు రెండూ ఒకే శబ్దం పలికేవి, అదీ 7 కిలోహెర్ట్జ్ దగ్గర కోసేసి. జిమ్ ఫోస్‌గేట్ రూపకల్పనతో 2000లో వచ్చిన రెండో తరం వెనక కూడా ఎడమ, కుడి వేరు చేసింది, ఆ కోతనూ తీసేసింది. 5.1 సినిమాను టీవీ రెండుగా ముడిచినా, సరౌండ్‌కు తగినట్టుగా ముడిస్తే ప్రో లాజిక్ 2 అందులోంచి చాలావరకు తిరిగి తీయగలదు. ‘5 చానల్ స్టీరియో’ అనే మీట మాత్రం వేరు, అది ముందు శబ్దాన్నే వెనక కూడా మోగిస్తుంది. వెనకవి పలికాయన్న తృప్తి కోసం అది పెట్టుకోకండి.

ప్రో లాజిక్ పెట్టాక మధ్య స్పీకర్ ఒక్కటే పలికి మిగతావన్నీ మౌనంగా ఉన్నాయంటే వస్తున్న శబ్దం మోనో అని అర్థం. రెండు చానళ్లూ ఒకటే అయినప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసేస్తే మిగిలేది సున్నాయే. పాత సినిమాలకు అది సహజం. అన్నిటికీ అలాగే జరుగుతుంటే వైరు పిన్ను సగమే దిగి ఉండవచ్చు, ఒకసారి గట్టిగా నొక్కి చూడండి.

చివరికి శబ్దం వెనక నుంచి వచ్చింది. ఇప్పుడు పెదాలు, మాట కుదరాలి. చెవి ఈ విషయంలో పక్షపాతి. మాట ఆలస్యమైతే కొంత ఓర్చుకుంటుంది గానీ ముందే వస్తే వెంటనే పట్టేస్తుంది. అంతర్జాతీయ ప్రసార ప్రమాణాల్లో గుర్తించే హద్దుగా రాసుకున్నది, ముందైతే సుమారు 45 మిల్లీసెకన్లు, వెనకైతే 125. దూరంగా ఉన్న మనిషి మాట కాస్త ఆలస్యంగా చేరడం మనకు పుట్టుకతో అలవాటు, బొమ్మకన్నా ముందు మాట రావడం ప్రకృతిలో లేదు. బాక్సు శబ్దాన్ని నేరుగా ఆంప్‌కు ఇచ్చినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దుతూ ఆలస్యం చేస్తుంది, శబ్దం ముందే వచ్చేస్తుంది. ఆంప్‌లో ‘ఆడియో డిలే’ ఉంటే పెంచండి, లేకపోతే టీవీ బొమ్మను ‘గేమ్’ మోడ్‌లో పెట్టండి, మెరుగులు తగ్గి బొమ్మ త్వరగా వస్తుంది. దీనికి తలకిందులుగా మాట వెనకబడుతుంటే, టీవీలో డిజిటల్ ఔట్‌పుట్ ఆలస్యం సున్నా మీద ఉందో లేదో చూడండి. అప్పటికీ కుదరకపోతే పీసీఎం పెట్టి ప్రో లాజిక్ 2తో వినడమే మేలు. పెదాలతో కలవని అసలు 5.1 కన్నా పెదాలతో కలిసిన ఆ శబ్దమే సినిమాను చూడనిస్తుంది.

స్పీకర్ల చోటు కూడా ఒకసారి చూసుకోండి. వెనకవి కూర్చున్నవారికి సరిగ్గా పక్క నుంచి కొంచెం వెనక్కి, చెవులకన్నా కాస్త ఎత్తున ఉండాలి. రెంటినీ వెనక గోడ మూలల్లో నేల మీద పెడితే ఏ సెట్టింగూ కాపాడలేదు. శబ్దం మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి, సెటప్ మెనూలో ఒక్కో స్పీకర్ దూరాన్ని టేపుతో కొలిచి ఇవ్వండి. తర్వాత ‘టెస్ట్ టోన్’ నొక్కండి. ఒక్కో స్పీకర్ నుంచి వరసగా ‘హుష్’ మని వినిపిస్తుంది, మీరు ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, అయిదూ ఒకే స్థాయిలో వినిపించేదాకా వెనకవాటిని పెంచండి. చాలా ఏళ్లుగా మౌనంగా ఉన్న సిస్టమ్ అయితే ఈ దశలో ఒక వెనక స్పీకర్ ఎడమకు బదులు కుడిన పలకడం కూడా చూడొచ్చు. వెనక క్లిప్పుల్లోని వైర్లను అటూ ఇటూ మార్చి, ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది కుదిరిందో లేదో చూసి, మళ్లీ అదే సినిమా పెట్టండి.